చెయ్యేటి వరద: రాజంపేట ప్రాంత జలచరిత్రపై ఒక పరిశీలన

అన్న శంఖుని ఆశ్రమంలో అనుమతి లేకుండా పండ్లు తిన్న లిఖితునికి సుద్యుమ్న మహారాజు చేతులు నరికించాడనీ, బాహుదా నదిలో మునిగిన పిమ్మట అవి తిరిగి మొలిచాయనీ మహాభారత శాంతిపర్వ కథ. ఆ బాహుదయే చెయ్యేరని స్థానికుల నమ్మిక. నదిని దాతగా నిలిపిన పేరిది. కరవు సీమలో నీటిని అలా తలచడం సహజమే. ఆధునిక జలప్రణాళిక సైతం నదిని దాతగానే చూడడం మాత్రం విచారించదగిన విషయం.

రాజంపేట సమీపాన బాదనగడ్డ వద్ద కట్టిన అన్నమయ్య ప్రాజెక్టు నిల్వ సామర్థ్యం 2.24 టి.ఎం.సి.లు. ఆయకట్టు రైతు నోట వినిపించేది ఈ అంకె. కట్ట నుంచి ఒక్కసారిగా ఎంత నీటిని సురక్షితంగా వదలవచ్చన్నది ఇంజనీర్ల కాగితాలలో ఉండిపోయే అంకె. అది సుమారు 2.17 లక్షల క్యూసెక్కులు. 2021 నవంబరు 19న, కార్తీక పౌర్ణమి నాడు, వచ్చిన ప్రవాహం దాదాపు 3.2 లక్షల క్యూసెక్కులు. అంతకుముందే ఎగువన పింఛా ప్రాజెక్టు కట్ట తెగింది. అన్నమయ్య ప్రాజెక్టు ఐదు గేట్లలో ఒకటి తెరుచుకోలేదన్న విషయం రాజ్యసభలోనూ ప్రస్తావనకు వచ్చింది. మట్టికట్ట కొట్టుకుపోయింది. పులపత్తూరు, మందపల్లి, తోగూరుపేట, గుండ్లూరు గ్రామాలను నీరు ముంచింది. నందలూరు, రాజంపేటల మధ్య రైలుమార్గం దెబ్బతిన్నది.

దీనిని కేవలం ప్రకృతి వైపరీత్యమనడం చరిత్రకు న్యాయం కాదు. గేట్ల మరమ్మతు, ఎగువ దిగువ ప్రాజెక్టుల మధ్య సమాచారం, రాత్రివేళ గ్రామాలకు హెచ్చరిక: ఇవన్నీ మనుషుల చేతిలోని పనులు. కడప జిల్లాకు వరద కొత్తదీ కాదు. 1902లో మంగపట్నం వద్ద వాగు పొంగి వంతెన కొట్టుకుపోగా మెయిలు రైలు పడిపోయింది. అయినా ఈ జిల్లా జలచరిత్రను వ్రాసేవారికి కరవే ప్రధాన వస్తువయింది.

వరద తరువాతి కాలానికి చరిత్రకారులు ఇచ్చే చోటు మరీ తక్కువ. పొలాలపై ఇసుక మేటలు వేయడంతో గట్లు కనిపించకుండా పోయాయి. హద్దు తెలియని చేనికి నష్టం లెక్కించడమెలా? పాసుపుస్తకం లేని కౌలురైతు పెట్టిన పెట్టుబడి ఏ జాబితాలో చేరుతుంది? ఇండ్లు కోల్పోయినవారికి స్థలాలు, గృహాలు ప్రకటించారు. వాటి నిర్మాణం మాత్రం ఏళ్ళ తరబడి సాగింది. తెగిన కట్ట కూడా తరువాతి వేసవులలో అలాగే ఉండిపోయింది. ఆయకట్టు రైతులు మళ్ళీ బోర్లనే నమ్ముకున్నారు.