అరుగుమీది చరిత్ర

పిల్లల్ని పెంచడం పుస్తకాలు చదివి నేర్చుకోవచ్చుననుకునేదాన్ని, నాకు బిడ్డ పుట్టేవరకూ. పుట్టాక తెలిసింది, మావాడు ఆ పుస్తకాలేవీ చదవలేదని! అర్ధరాత్రి గుక్కపెట్టి ఏడుస్తుంటే ఏ పేజీ తిప్పను? అప్పుడు నన్ను ఆదుకున్నది, హిందూపురం దగ్గర పరిగిలో మా అవ్వ ఇంటి అరుగు.

పరిగి సామాన్యమైన ఊరు కాదు సుమండీ! బాణరాజుల పరువిపురం ఇదేనని చరిత్రకారులంటారు. పెనుకొండలో దొరికిన గంగరాజుల రాగిరేకుల్లో పరువి పెద్దచెరువు కింద దానమిచ్చిన వరిమళ్ళ ప్రస్తావన ఉంది. సుమారు పదిహేను వందల ఏళ్ళనాటి మాట. ఎన్ని మళ్ళో, ఎన్ని ఖండుకల విత్తనం పడుతుందో లెక్క రాశారు. ఆ మళ్ళలో నాట్లేస్తూ, గట్టుమీద చంటిబిడ్డను పడుకోబెట్టిన తల్లుల మాట మటుకు ఏ రాగిరేకూ చెప్పదు. వాళ్ళ చరిత్ర అరుగుమీదే ఉండిపోయింది.

పొద్దుగూకే వేళకు పట్టుపురుగులకు మల్బరీ ఆకు వేసి, ఆడవాళ్ళు మా అవ్వ దగ్గర చేరేవారు. పురుగు పొర విడిచే ముందు మేత మాని కదలకుండా ఉంటుంది. దాన్ని అక్కడ 'జ్వరం' అంటారు. "పురుగు గూడు కట్టేలోపల నాలుగు జ్వరాలే. దానికి లెక్కుంది. బిడ్డలకు లెక్క యాడుంది?" అనేది అవ్వ. అందరూ నవ్వేవారు. ఒకామె కొడుకు తెలివి గురించి గొప్ప చెప్పేది. ఇంకొకామె కూతురి మొండితనం గురించి మొత్తుకునేది.

అవ్వ మాత్రం బాలింతలు ఎవరొచ్చినా ఒక కథ తప్పకుండా చెప్పేది. "టీకాలోళ్ళు వచ్చినారని పెద్దోన్ని ముందర నిలబెట్టినా. చిన్నది ఏడుస్తుందని, ఒళ్ళు కాలుతుందని గరిసెలో దాచినా. మరుసటేడు ఊర్లో అమ్మవారు పోసింది. పెద్దోడు దక్కినాడు, చిన్నది పోయింది. మీరు దాయాకండమ్మా."

ఎవరూ ఆమెను తప్పు పట్టలేదు. ఒకసారి నేనే ఉండబట్టలేక, "ఎన్నితూర్లు చెబుతావవ్వా, నీకు మాత్రం కష్టం కాదా?" అన్నాను.

"చెప్పకుంటే ఆ బిడ్డ ఉత్తపుణ్యానికి పోయినట్లే గదమ్మా" అంది.

మన దేశంలో ఆఖరి మశూచి కేసు 1975లో నమోదైంది. 1980లో ప్రపంచమంతటా ఆ జబ్బు అంతరించిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. ఆ విజయంలో వైద్యుల పేర్లుంటాయి, ఉండాలి కూడా. కాని సూది చేతికి తగలాలంటే ముందు తల్లి గరిసె మూత తీయాలి కదా! మూత తీయించిన మాటలు ఏ రికార్డులోకి ఎక్కాయి?

అరుగుమీది మాట అచ్చులోకి రావడానికి చాలాకాలమే పట్టింది. సత్తిరాజు సీతారామయ్యగారు 1902లో ప్రారంభించిన 'హిందూసుందరి'లో ఆడవాళ్ళు తమ పేర్లతో రాయసాగారు. వారిలో భండారు అచ్చమాంబగారొకరు. 'అబలా సచ్చరిత్ర రత్నమాల'లో మన స్త్రీల చరిత్రలు గుదిగుచ్చిన ఆవిడకు కన్నబిడ్డలిద్దరూ దక్కలేదు. అయినా తలుపులు వేసుకుని కూర్చోలేదు. దిక్కులేని పిల్లల్ని చేరదీసింది. 1902లోనే బందరులో ఓరుగంటి సుందరీరత్నమాంబగారితో కలిసి బృందావన స్త్రీ సమాజం పెట్టింది. ఆడవాళ్ళు ఒకచోట కూర్చుని మాట్లాడుకోవడానికి అరుగు కాక మరో చోటు దొరికిందన్నమాట. 1905లో చిన్న వయసులోనే ఆవిడ కన్నుమూసింది.

తర్వాత మాలతీ చందూర్‌గారి 'ప్రమదావనం' వచ్చింది. నాలుగు దశాబ్దాలకు పైగా 'ఆంధ్రప్రభ' వారపత్రికలో ఎందరో ఇల్లాళ్ళు పక్కింటికి చెప్పుకోలేని కష్టాన్ని ఉత్తరంలో చెప్పుకున్నారు. అరుగు ఊరు దాటింది, అంతే.

ఇప్పుడు అరుగులూ తగ్గాయి, అవ్వా లేదు. తల్లులం కలుసుకుంటే మార్కులూ ర్యాంకులే మాట్లాడుకుంటున్నాం. గొప్పలు వినడానికి బాగానే ఉంటాయి, కాని అర్ధరాత్రి పనికిరావు.

అందుకని నా తప్పూ ఒకటి చెబుతాను. మావాడికి ఏడాది వయసులో విరేచనాలు పట్టుకుంటే, నీళ్ళు తాగితే ఇంకా ఎక్కువవుతాయని దాహమన్నా ఇవ్వలేదు. బీయే చదివానన్న మాటేగాని! వాడి కళ్ళు లోతుకు పోయాయి. అవ్వ అరుగుమీది ఒకామె చూసి, "నేనూ ఇట్లే చేసినా మే, లెయ్" అని నన్ను తిట్టకుండా ఆసుపత్రికి తీసుకుపోయింది. లీటరు మంచినీళ్ళకు ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, తల కొట్టి పోసి కొలవాలని అక్కడే నేర్చుకున్నాను.

మావాడిప్పుడు నాకంటే పొడుగు. ఈ కథ ఎవరికైనా చెబితే సిగ్గుపడతాడు. పడనీయండి. కొత్తగా తల్లి అయిన పిల్ల ఎదురైతే, వాడి ర్యాంకు కంటే ముందు నేనీ కథే చెబుతాను.