సభలో కొత్త శ్రోత: రసానుభూతికి కొలతలు

సంగీత సభలో మొదటిసారి కూర్చున్న మనిషికి రసానుభూతి కలిగిందో లేదో ఎలా తెలుస్తుంది? ఇది ఆధునిక మనస్తత్వశాస్త్రం లేవనెత్తిన ప్రశ్న అనుకోవడం పొరపాటు. భరతుని నాట్యశాస్త్రంలో 27వ అధ్యాయం ప్రయోగసిద్ధిని గురించినదే. అక్కడ చెప్పినది నాటక ప్రేక్షకులను ఉద్దేశించినదైనా, గీతవాద్యాలు నాట్యంలో అంతర్భాగాలు కనుక మన చర్చకు అదే ఆరంభం.

భరతుడు సిద్ధిని మానుషి, దైవిక అని రెండుగా విభజించాడు. మానుషి సిద్ధి కంటికి, చెవికి అందుతుంది. చిరునవ్వు, బిగ్గర నవ్వు, ‘సాధు’ అనడం, ‘అహో’ అనడం, కరుణ ఘట్టంలో ‘కష్టం’ అనడం, ఒళ్లు పులకరించడం, ఆసనం మీదనుంచి లేవడం, వస్త్రాలూ ఉంగరాలూ విసరడం ఇందులోకి వస్తాయి. వీటిని గమనించి తీర్పు చెప్పడానికి ప్రాశ్నికులు ఉండేవారు. ఛందస్సు తెలిసినవాడు, వైయాకరణుడు, చిత్రకారుడు, విలుకాడు, వేశ్య, గాయకుడు మొదలైనవారు ఎవరికి తెలిసిన విషయంలో వారు నిర్ణేతలు. విలుకాణ్ణి కూడా మరచిపోకపోవడం ముచ్చటగొలుపుతుంది. ఇక దైవిక సిద్ధికి గుర్తు ఏమిటంటే, రంగస్థలం జనంతో నిండి ఉండీ ఏ శబ్దమూ లేకపోవడం. అంటే చప్పుడు లేకపోవడాన్ని కూడా ఒక కొలతగా ఆయన స్వీకరించాడు.

రాజాస్థానంలోనూ ఆలయంలోనూ శ్రోతలు చాలావరకు పరిచితులు. ఆధునిక నగరాల్లో టిక్కెట్టు సభలు వచ్చాక ఆ పరిస్థితి మారింది. 1927లో మద్రాసు కాంగ్రెసు మహాసభతోపాటు జరిగిన సంగీత సమావేశం ఫలితంగా 1928లో మ్యూజిక్ అకాడమీ ఏర్పడింది. టిక్కెట్టు కొన్న మనిషికి రాగం తెలుసో లేదో, భాష తెలుసో లేదో ఎవరికెరుక? 1941లో చిదంబరంలోని అణ్ణామలై విశ్వవిద్యాలయంలో తమిళ ఇసై సమావేశం జరిగినప్పుడు ఈ అనుమానమే పెద్ద వివాదమైంది. తెలుగు, సంస్కృత సాహిత్యం అర్థంకాని తమిళ శ్రోతకు భావం ఎలా అందుతుందని ఒక పక్షం అడిగింది. భావం నాదంలో ఉంది, మాటలో కాదని మరో పక్షం వాదించింది. 1943లో మద్రాసులో తమిళ ఇసై సంఘం వెలసింది. మనవాళ్లు కొందరు దీన్ని తెలుగు మీద దాడిగా మాత్రమే చెప్పుకుంటారు. అది న్యాయం కాదు. మాతృభాషలో పాట వినాలనే కోరిక మనకున్నదే వారికీ ఉంది. అయితే ఆ వాదోపవాదాలలో శ్రోత పేరు వినిపించినంతగా శ్రోత మాట వినిపించలేదు.

శ్రోతనే అడిగే పద్ధతి పాశ్చాత్య దేశాలలో అప్పటికే మొదలైంది. 1936లో అమెరికాలో కేట్ హెవ్నర్ భావవాచక విశేషణాలను ఎనిమిది గుంపులుగా ఒక వలయంలో అమర్చి, సంగీతం వింటూ తగిన మాటలకు గుర్తు పెట్టమంది. మన సంగీతం విషయంలో చెప్పుకోదగినది 1999లో బాల్క్‌విల్, థామ్సన్ కెనడా నుంచి ప్రచురించిన పరిశోధన. హిందూస్తానీ రాగాలతో పరిచయం లేని 30 మంది పాశ్చాత్య శ్రోతలు 12 రాగ ఖండికలను విని ఆనందం, విషాదం, కోపం, శాంతం ఏ మేరకు ఉన్నాయో అంకెలతో సూచించారు. ఉద్దేశించిన భావం మొదటి మూడింటిలో ఏదైనా అయితే పట్టుకోగలిగారు. శాంతం దగ్గర మాత్రం తడబడ్డారు. భరతుడు నిశ్శబ్దంతో కొలిచిన స్థితిని ఈ ఫలితం గుర్తుకు తెస్తుంది. అయితే వారు విన్నది రికార్డు; కచేరీ కాదు. పైగా రాగంలో విషాదం ఉందని గుర్తించడం వేరు, తాను విషాదం పొందడం వేరు.

హోసూరులోనో మధురలోనో పుట్టి, ఇంట్లో తెలుగు మాట్లాడుతూ అక్షరాలు మాత్రం తమిళంలో నేర్చిన విద్యార్థి ఈ ఏ పట్టికలోనూ సరిగా ఇమడడు. తిరువైయ్యారులో జీవించి 1847లో సిద్ధిపొందిన త్యాగరాజు కృతి సభలో వినిపిస్తే, రాగం అతనికి కొత్త, ‘బ్రోవు’ వంటి క్రియ కొత్త. ‘రారా’ మాత్రం వాళ్ల అమ్మ పిలిచే మాట. ఆ మాట వద్ద అతని ముఖంలో కదలాడే చిరునవ్వు భరతుని జాబితాలో మొదటిది. హెవ్నర్ వలయంలో దానికి గుర్తు పెట్టే చోటు కనబడదు.