వడ్రంగి కొడుకు, మిల్లు కార్మికురాలు, శ్రీహరికోట యానాదులు



పోటీ పరీక్షల పుస్తకాల్లో రష్యా అంతరిక్ష చరిత్ర మూడు లైన్లే. 1957 అక్టోబర్ 4 స్పుత్నిక్, 1961 ఏప్రిల్ 12 గగారిన్, 1963 జూన్ 16 తెరిష్కోవా. ఈ తేదీలు మనకు బట్టీయే. వీళ్ళు ఎవరి పిల్లలు, ఏం చదివి అక్కడిదాకా పోయారన్నది మాత్రం వాటిలో ఉండదు. మా హాస్టల్లో చాలామందిమి ఇంటి నుంచి మొదటిసారి కాలేజీ గడప తొక్కినవాళ్ళం. మాకు ఆ సంగతే ముఖ్యం అనిపించి రాస్తున్నాం.

ముందు ఒక బడిపంతులు. త్సియోల్కోవ్‌స్కీకి పదేళ్ళప్పుడు జ్వరం వచ్చి వినికిడి పోయింది. బడి చదువు సాగలేదు. మాస్కో లైబ్రరీలో కూర్చొని లెక్కలు, భౌతికశాస్త్రం సొంతంగా నేర్చుకున్నాడు. కలూగా ఊళ్ళో పాఠాలు చెప్పుకుంటూనే, రాకెట్‌తో అంతరిక్షంలోకి ఎలా పోవచ్చో లెక్కగట్టి 1903లో అచ్చువేశాడు.

ఆ లెక్కను నిజం చేసిన ఇంజనీరు కొరొల్యోవ్. 1938లో స్టాలిన్ ప్రభుత్వం తప్పుడు కేసు పెట్టి అతన్ని కొలిమా బంగారు గనుల్లో వెట్టిచాకిరీకి పంపింది. ఎలాగో ప్రాణాలతో బయటపడ్డాడు. 83.6 కిలోల స్పుత్నిక్‌ని పైకి పంపింది అతని బృందమే. అయినా 1966లో చనిపోయేదాకా అతని పేరు జనానికి చెప్పలేదు. సోవియట్ గొప్పలు చెప్పుకునేటప్పుడు ఇదీ చెప్పుకోవాలి.

గగారిన్ తండ్రి వడ్రంగి. యుద్ధంలో జర్మన్ సైన్యం ఇల్లు లాక్కుంటే, కుటుంబమంతా మట్టిలో గుంత తవ్వుకొని అందులో బతికారు. పెద్దయ్యాక ఇనుము పోతపోసే పని నేర్చుకుంటూ రాత్రి బడికి పోయాడు. తర్వాత సరాతోవ్‌లో టెక్నికల్ స్కూలు, మన పాలిటెక్నిక్ లాంటిది. విమానం నడపడం కూడా ఆ ఊరి క్లబ్బులోనే నేర్చుకున్నాడు. 108 నిమిషాల ప్రయాణం తర్వాత పారాచూట్‌తో దిగింది ఆ సరాతోవ్ వైపు పొలాల్లోనే. అతనికి ముందు ఎదురైంది చేలో ఉన్న ఒక ముసలామె, ఆమె మనవరాలు.

తెరిష్కోవా తండ్రి ట్రాక్టర్ డ్రైవరు, యుద్ధంలో పోయాడు. ఆమె బట్టల మిల్లులో పనిచేస్తూనే చదువుకుంది, పారాచూట్ క్లబ్బులో దూకడం నేర్చింది. ఆ దూకడమే ఎంపికలో పనికొచ్చింది. భూమిని 48 సార్లు చుట్టింది.

ఇద్దరికీ దొరికినవి ఒకటే: పని చేసుకుంటూ చదివే వీలు, చేతి విద్య నేర్పే స్కూలు, ఒక క్లబ్బు. తెలివి ఏ గుడిసెలోనైనా పుడుతుంది. తలుపు తీసి ఉండాలి, అంతే.

ఇక మన దగ్గరికొద్దాం. మన దేశపు మొదటి ఉపగ్రహం ఆర్యభట్ట, 360 కిలోలు, 1975 ఏప్రిల్ 19న రష్యాలోని కపుస్తిన్ యార్ నుంచి వాళ్ళ రాకెట్ మీదే పోయింది. అప్పటికి మన శ్రీహరికోట నుంచి చిన్న పరిశోధన రాకెట్లే ఎగిరేవి. మొదటిది 1971 అక్టోబర్ 9న. మన సొంత ఎస్‌ఎల్‌వీ-3 అక్కణ్ణుంచి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది 1980 జూలై 18న.

ఆ దీవి ఖాళీగా ఉన్న దీవేం కాదు. అడవిలో దుంపలు, మందు వేర్లు, నీళ్ళలో చేపలు చూసుకుంటూ యానాదులు తరాలుగా బతికిన చోటు. 1969లో రాకెట్ కేంద్రానికి ఆ దీవిని ఎంచుకున్నాక చాలా కుటుంబాలు తమ చోట్లు వదులుకోవాల్సి వచ్చింది. మన నందిగామ, జగ్గయ్యపేట వైపు కనిపించే యానాదులూ ఆ జాతివాళ్ళే.

రాకెట్ ఎగిరితే మనమూ చప్పట్లు కొడతాం, కొట్టాలి. దాంతోపాటు ఒక మాట అడగాలి. చోటిచ్చినవాళ్ళ పిల్లల్లో ఎంతమంది ఆ కేంద్రంలో ఇంజనీర్లయ్యారు? వడ్రంగి కొడుక్కి దొరికిన స్కూలు యానాది పిల్లాడికి ఎంత దూరంలో ఉంది?

మన చేతిలో ఉన్నదీ ఒకటుంది. మీ తండాలో, గూడెంలో పదో తరగతి అయిన తమ్ముడో చెల్లెలో ఉంటే, పక్కన కూర్చొని ఐటీఐ, పాలిటెక్నిక్ దరఖాస్తు నింపించండి. గ్రూపులో నెల్లూరు వైపు యానాది మిత్రులుంటే, మీ తాతలు చెప్పిన శ్రీహరికోట సంగతులు రాయండి. అవి మనమే రాసిపెట్టుకోవాలి.