ఒక ఫోను తీగ, రెండు కంప్యూటర్లు



మీ ఇంట్లో పాత పెళ్లి శుభలేఖలుంటే ఒకసారి తీసి చూడండి. అడుగున ఫోను నంబరు, దాని పక్కన "పి.పి." అని రెండక్షరాలు కనిపించవచ్చు. ఆ ఫోను వాళ్లది కాదు, ఇరుగుపొరుగు వాళ్లది, మీరు చేస్తే పిలిచిపెడతారు అని దానికి అర్థం. ఆత్తిపట్టులో మా వీధి మొత్తానికి పి.పి. నంబరు మా ఇంటిదే. నెల్లూరు, సూళ్లూరుపేట వైపు చుట్టాలున్న తెలుగు కుటుంబాలన్నీ ఆ నంబరే రాసిచ్చేవి. ఫోను మోగితే ఎవరికని కనుక్కుని, "అయిదు నిమిషాలాగి మళ్లీ చేయండి" అని చెప్పి, పరుగెత్తుకెళ్లి ఆ మనిషిని పిలుచుకురావడం చిన్నప్పుడు నా ఉద్యోగం. జీతం లేదు గానీ పండగకు మురుకులు దొరికేవి. ఆ ఉద్యోగాన్ని ఇప్పుడు చాలా ఇళ్లలో ఒక చిన్న పెట్టె చేస్తోంది. దాని చరిత్రే ఈనాటి నా ప్రసంగం.

మన దేశంలో సామాన్య ప్రజలకు ఇంటర్నెట్‌ను విదేశ్ సంచార్ నిగమ్ 1995 ఆగస్టు 15న అందించింది. మొదట అందుకున్న నగరాల్లో మద్రాసు ఒకటి. 1998లో ప్రైవేటు సంస్థలకూ అనుమతి వచ్చింది. మా ఊరు మద్రాసుకు గుమ్మిడిపూండి లోకల్ బండి దూరమే అయినా, ఇంటర్నెట్ మా ఇంటి గడప తొక్కడానికి 2003 దాకా పట్టింది.

అప్పటికి ఇంట్లో రెండు కంప్యూటర్లు. అన్నయ్యది కొత్తది, నాది ఎవరో వాడి అమ్మేసినది. మోడెమ్, ప్రింటరు రెండూ అన్నయ్య దానికే ఉండేవి. నేను బి.ఎడ్. ముగించి తెలుగు పిల్లలకు పాఠాలు చెప్పడం మొదలుపెట్టిన రోజులవి. ప్రశ్నపత్రం నా కంప్యూటరులో తెలుగులో కొట్టి, ఫ్లాపీలో పెట్టుకుని అన్నయ్య గదికి వెళ్లేవాణ్ణి. అక్కడ తెరిస్తే తెలుగుండదు! "అ" ఉండాల్సిన చోట కామా, "క" ఉండాల్సిన చోట డాలరు గుర్తు. ఆ రోజుల్లో తెలుగు ఫాంట్లు ఒక్కో సంస్థవి ఒక్కో రకం. ఇంగ్లీషు అక్షరాల గూళ్లలో మన అక్షరాలను ఎవరిష్టం వచ్చినట్టు వారు సర్దేవారు. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది గానీ, ఆ సౌఖ్యం మా పాత యంత్రాల దాకా రాలేదు. అదే ప్రింటరును రెండు కంప్యూటర్లూ పంచుకుంటే ఈ చిక్కు లేదు. అక్షరాల రూపం నా యంత్రంలోనే తయారై ప్రింటరుకు చేరుతుంది. మా ఇంట్లో పంపకం మొదలైంది ఇంటర్నెట్ కోసం కాదు సుమండీ, అరసున్నతో సహా అచ్చయ్యే ఒక ప్రశ్నపత్రం కోసం.

చెన్నై రిచీ స్ట్రీట్‌కు పోయి రెండు నెట్‌వర్కు కార్డులు, ఒక తీగ తెచ్చాం. మామూలు తీగ కాదు. ఒక కొసన పంపే జత, రెండో కొసన అందుకునే జత అయ్యేలా లోపల మార్చి బిగించినది. అది లేకపోతే రెండూ మాట్లాడేవే, వినేది ఉండదు. 1999లో వచ్చిన విండోస్ 98 రెండో కూర్పులో ఇంటర్నెట్‌ను పంచే ఏర్పాటు కూడా ఉంది. దాంతో రెండు యంత్రాలూ ఒకే మోడెమ్ మీద నడిచాయి.

ఒకే లైను మీద ఇద్దరడిగితే ఎవరి జవాబు ఎవరికి చేరాలో ఎలా తెలుస్తుందని మీరడగవచ్చు. ఇంటర్నెట్‌లో చిరునామాలు మొదటి లెక్క ప్రకారం సుమారు 430 కోట్లే. అవి చాలవని ముందే గ్రహించి, ఎగెవాంగ్, ఫ్రాన్సిస్ అనే ఇద్దరు 1994లో ఒక ఉపాయం రాసిపెట్టారు. ఇంటికంతటికీ బయట ఒకటే చిరునామా, లోపల వేరే పేర్లు. 192.168తో మొదలయ్యే అంకెలను 1994లోనే ఇలాంటి లోపలి వాడుకకు కేటాయించారు. అవి ముద్దుపేర్ల వంటివి. ప్రతి ఇంట్లో ఒక బుజ్జి ఉంటాడు, పోస్టుమానుకు మాత్రం ఆ పేరుతో పని లేదు. గుమ్మంలో ఉన్న యంత్రం, ఫలానా జవాబు ఫలానా బుజ్జికని చిట్టాలో రాసుకుంటుంది. నేను చేసిన పి.పి. ఉద్యోగం ఇదే కదా!

అయితే ఒక సాయంత్రం మా పంపకం ఇంకొకరికి దెబ్బ కొట్టింది. అన్నయ్య, నేను రెండు గంటలు ఇంటర్నెట్‌లో కూర్చున్నాం. డయలప్‌లో ఉన్నంతసేపూ ఫోను ఎంగేజే. సరిగ్గా అప్పుడే ఎదురింటామె తమ్ముడు నాయుడుపేట నుంచి చేస్తూనే ఉన్నాడు, తల్లిని ఆసుపత్రిలో చేర్చామని చెప్పడానికి. లైను దొరక్క, రాత్రి మనిషే బండెక్కి వచ్చాడు. పెద్దామె బతికింది. కానీ ఎదురింటామె మా నాయనతో, "మీ ఇంట్లో ఫోనుందన్న ధైర్యంతోనే కదన్నా నేనింత దూరంలో కాపురముండేది" అంది. మర్నాటి నుంచి సాయంత్రం ఆరు మొదలు తొమ్మిది దాకా లైను ముట్టుకోకూడదని నాయన ఆజ్ఞ. మేమిద్దరం నోరెత్తలేదు.

ఈ చిక్కు మా ఒక్కరిదే కాదు. మద్రాసు ఐ.ఐ.టి.లో అశోక్ ఝున్‌ఝున్‌వాలా బృందం రూపొందించిన కార్‌డెక్ట్ వైర్‌లెస్ ఫోనులో మాటా, ఇంటర్నెట్టూ ఒకేసారి నడిచేవి. మా వీధికి అది రాలేదు. మాకు విడుదల 2005 తర్వాతే. ఆ జనవరిలో, సంక్రాంతి రోజుల్లో, బి.ఎస్.ఎన్.ఎల్. బ్రాడ్‌బ్యాండు మొదలైంది. అదే రాగి తీగ. మనిషి మాటకు నాలుగు కిలోహెర్ట్జ్ చాలు, దాని పైన ఖాళీగా పడివున్న చోటంతా ఇంటర్నెట్‌కు ఇచ్చారు. ఆ నెలాఖరులోనే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను చిన్న శక్తి పరికరాలకు లైసెన్సు లేకుండా వాడుకోవచ్చని ప్రభుత్వం నియమాలు ప్రకటించింది. అప్పటి వైఫై ఎక్కువగా నడిచింది ఆ తరంగాల మీదే. చిట్టా రాసే పని కంప్యూటరు నుంచి రూటరు పెట్టెకు మారింది. అన్నయ్య తన కంప్యూటరు ఆపేస్తే నాకు ఇంటర్నెట్ పోయే బాధ అంతటితో తీరింది. తమ్ముడి మీద కోపం వచ్చినప్పుడల్లా ఆయన ఆ స్విచ్చి వాడేవాడని ఇప్పుడు చెబితే తప్పులేదు.

2020లో కరోనాతో బడులు మూతపడ్డాయి. ఉదయం పది గంటలకు ఒక కంప్యూటరు ముందు నేను పాఠం చెప్పాలి, రెండో దాని ముందు మా అమ్మాయి పాఠం వినాలి. ఇద్దరి బొమ్మలూ నిలిచిపోయేవి. అమ్మాయికి పరీక్ష ఉన్నరోజు నా కెమెరా ఆపి, గొంతుతోనే పద్యం చెప్పేవాణ్ణి. ప్రింటరు మాత్రం వీధి పిల్లలందరికీ అభ్యాస పత్రాలు కొట్టింది.

ఆ రోజుల్లోనే ఎదురింటామె మనవడు ఫోను పట్టుకుని మా తిన్నె మీదికి వచ్చాడు, వాళ్లింట్లో సిగ్నలు నిలవడం లేదని. వైఫై పాస్‌వర్డు అడిగాడు. మా పాత పి.పి. నంబరే, ఎస్.టి.డి. కోడుతో సహా చెప్పాను. ఫోను నంబరును పాస్‌వర్డుగా పెట్టుకోకూడదని తరగతిలో పిల్లలకు చెప్పేదీ నేనే. వాడు రాసుకోలేదు. "మా అవ్వకు తెలుసులే సార్ ఆ నంబరు" అన్నాడు.