డిటెక్టివ్ కోనన్ విలన్.. అసలు ఎవరీ ‘ఆయన’? 23 ఏళ్ల పాటు పేరే తెలియని బ్లాక్ ఆర్గనైజేషన్ బాస్ కథ ఇదీ

(స్పాయిలర్ అలర్ట్: సిరీస్‌లోని కీలక రహస్యాలు ఈ కథనంలో ఉన్నాయి. ఇప్పుడిప్పుడే చూడటం మొదలుపెట్టినవాళ్లు ఇక్కడే ఆగిపోవడం మంచిది.)

క్రైమ్ కథల్లో డాన్ అనగానే కార్ల కాన్వాయ్, చుట్టూ గన్‌మెన్, భారీ ఎంట్రీ గుర్తొస్తాయి. కానీ జపాన్ యానిమే ‘డిటెక్టివ్ కోనన్’లో మెయిన్ విలన్‌కు అసలు ఎంట్రీనే లేదు. ఏళ్ల తరబడి ముఖం కాదు కదా.. పేరు కూడా బయటకు రాలేదు. అయినా ఆయన ఆర్డర్ వేస్తే ఎంతటి హంతకుడైనా కదలాల్సిందే.

గోషో అవోయామా రాసిన ఈ మాంగా 1994లో మొదలైంది. 1996 జనవరిలో యానిమేగా టీవీకి వచ్చింది. 2021లో వెయ్యి ఎపిసోడ్ల మార్కు దాటేసింది.

కథ ఎక్కడ మొదలైంది?

హైస్కూల్ డిటెక్టివ్ షినిచి కుడో ఓ అమ్యూజ్‌మెంట్ పార్కులో నల్ల దుస్తుల్లో ఉన్న ఇద్దరిని చూస్తాడు. వాళ్లే జిన్, వోడ్కా. బ్లాక్‌మెయిల్ డీల్‌ను షినిచి చాటుగా చూస్తుంటే, జిన్ వెనక నుంచి తలపై కొట్టి ఏపీటీఎక్స్ 4869 అనే విషం మింగిస్తాడు. ప్రాణం పోవాల్సింది పోయి.. షినిచి చిన్న పిల్లాడిగా మారిపోతాడు. ఆ పిల్లాడే కోనన్. తాను బతికే ఉన్నానని ముఠాకు తెలిస్తే తనతో పాటు ప్రేమించిన రాన్, చుట్టూ ఉన్నవాళ్లంతా చస్తారు. అందుకే ఈ దాగుడుమూతలు.

‘ఆయన’ అంటే ఎవరు?

ముఠాలో పెద్దవాళ్లందరికీ మద్యం పేర్లే కోడ్‌నేమ్‌లు. జిన్, వోడ్కా, వెర్మౌత్, బోర్బన్, కియాంటి.. లిస్టు పెద్దదే. బాస్‌ను మాత్రం ‘అనో కాతా’ అంటారు. మన భాషలో చెప్పాలంటే ‘ఆయన’ అన్నమాట. ఇంట్లో పెద్దాయన పేరెత్తకుండా ‘ఆయన’ అన్నట్టే ఇదీ. మర్యాద ఉంది, దాని వెనక భయమూ ఉంది.

ఆయన ఎవరి ముందుకూ రాడు. ఆదేశాలు మెయిల్‌లో వస్తాయి. విపరీతమైన జాగ్రత్తపరుడు. నంబర్ టూ అయిన రమ్‌కు మాత్రం తొందర ఎక్కువ. ఇంత జాగ్రత్త పడ్డా ముఠాలోకి గూఢచారులు చొరబడ్డారు. రై పేరుతో ఎఫ్‌బీఐకి చెందిన షుయిచి అకాయ్, కిర్‌గా సీఐఏ ఏజెంట్, బోర్బన్‌గా జపాన్ పోలీసు విభాగానికి చెందిన రే ఫురుయా లోపలికి వెళ్లారు. ఇంతమంది వెళ్లినా బాస్ మాత్రం చిక్కలేదు.

కాకి పాటతో తొలి క్లూ

బాస్‌కు మెయిల్ పంపేందుకు వెర్మౌత్ ఫోన్ బటన్లు నొక్కుతుంటే కోనన్ ఆ శబ్దాలు వింటాడు. ఎక్కడో విన్న ట్యూన్! అది ‘నానాత్సు నో కో’ అనే జపాన్ పిల్లల పాట. కాకి, దాని ఏడు పిల్లల గురించిన పాట అది. ఇక్కడ కాకిని గుర్తుపెట్టుకోండి. అసలు గుట్టు అందులోనే ఉంది.

పేరు ముందే చెప్పేశారు!

బాస్ పేరు కథలో ఇప్పటికే వచ్చిందని అవోయామా ఓ హింట్ ఇచ్చారు. దీంతో ఫ్యాన్స్ వేట మొదలుపెట్టారు. కోనన్‌కు గాడ్జెట్లు తయారుచేసి ఇచ్చే ప్రొఫెసర్ అగాసానే బాస్ అని చాలామంది వాదించారు. అది నిజం కాదని రచయితే తేల్చేశారు.

చివరికి 2017 డిసెంబర్‌లో మాంగా 1008వ అధ్యాయంలో ముడి వీడింది. చదరంగం లాంటి షోగీ ఆటలో దిట్ట అయిన కోజీ హనెడా 17 ఏళ్ల కిందట హత్యకు గురవుతాడు. చనిపోయే ముందు చేతి అద్దంపై ఇంగ్లిష్‌లో ఉన్న ‘పుట్ ఆన్ మస్కారా’ అనే మాటల్లో కొన్ని అక్షరాలు కత్తిరించి ఓ సందేశం వదులుతాడు. మిగిలిన 8 అక్షరాలను మొదట ‘అసాకా రమ్’ అని చదివారు. మరోలా పేర్చితే వచ్చిన పేరు.. కరసుమా!

రెన్యా కరసుమా. జపనీస్‌లో ‘కరసు’ అంటే కాకి. పాటకు, పేరుకు లింకు అదే. ఈ పేరు టీవీ ప్రేక్షకులు 2001లోనే విన్నారు. 219వ ఎపిసోడ్‌లో డిటెక్టివ్‌లందరినీ పిలిచిన పాత భవనం ఈ కోటీశ్వరుడిదే. ఒకప్పుడు అక్కడ వేలానికి వచ్చిన అతిథులు ఒకరినొకరు చంపుకొన్నారు. చివర్లో గోడల పైపూత ఊడిపోయి బంగారం బయటపడింది. అందరూ ఆ బంగారం చూశారు.. పేరును పట్టించుకోలేదు.

పేరు తెలిస్తే సరిపోతుందా?

అసలు చిక్కు ఇక్కడే. కరసుమా దశాబ్దాల కిందటే 99 ఏళ్ల వయసులో చనిపోయాడని కథలో చెప్పారు. ఆ లెక్కన ఆయన వందేళ్లు ఎప్పుడో దాటేసి ఉండాలి. మరి ఇప్పుడు ఆర్డర్లు ఇస్తోంది ఎవరు? ఏళ్లు గడిచినా వెర్మౌత్‌కు వయసు ఎందుకు మీద పడటం లేదు? మనిషిని పిల్లాడిగా మార్చిన మందును తయారు చేసింది ఈ ముఠానే అన్నది మర్చిపోవద్దు.

అందుకే పేరు దొరికినా కోనన్ చేతికి సంకెళ్లు వేయాల్సిన మనిషి దొరకలేదు. చనిపోయాడని లోకమంతా నమ్మిన వ్యక్తిని నేరస్తుడని నిరూపించాలంటే, ముందు ఆయన బతికే ఉన్నాడని నిరూపించాలి. తాను చనిపోయినట్టు నమ్మించి బతుకుతున్న కుర్రాడికే ఆ పని పడటం.. ఈ కథలోని అసలు ట్విస్ట్.