సిస్టమ్స్ ప్రోగ్రామింగ్ భాషలు: వ్యాప్తి

ఆపరేటింగ్ సిస్టమ్‌లు, డ్రైవర్లు, కంపైలర్లు రాసే భాషల్లో అన్నింటికన్నా ఎక్కువ చోట్ల నిలదొక్కుకున్నది సి. బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ దీన్ని రూపొందించాడు. పుట్టిన ఏడాదిని 1971 నుంచి 1973 దాకా రకరకాలుగా చెబుతారు. పని ముమ్మరంగా సాగింది 1972లోనని రిచీయే రాశాడు కనుక దాన్నే తీసుకోవడం మేలు.

సి గెలుపుకు కొందరు చెప్పే కారణం అది యంత్రానికి దగ్గరగా ఉండడం. అదొక్కటే చాలితే, దాని పూర్వీకురాలైన బీసీపీఎల్ (1967) కూడా నిలవాల్సింది, దానికి టైపులు లేని లోటు ఉన్నా. యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ వెంట నడిచి వచ్చిందన్న వాదనకే ఆధారాలు ఎక్కువ. 1973లో యూనిక్స్ కెర్నల్‌ను సిలో తిరగరాశారు. 1956 నాటి కోర్టు రాజీ వల్ల బెల్ ల్యాబ్స్ మాతృసంస్థ ఏటీ అండ్ టీకి కంప్యూటర్ వ్యాపారంలో దిగే వీలు లేకపోయింది. దాంతో యూనిక్స్ సోర్సుతో సహా విశ్వవిద్యాలయాలకు కొద్దిపాటి రుసుముకే చేరింది.

సికి పోటీగా నిలిచిన భాషలకు ఇలాంటి అనుకూలత దక్కలేదు. పాస్కల్ (1970)లో అర్రే పొడవు కూడా టైపులో భాగమే. పది అంకెల అర్రేకు రాసిన ప్రొసీజర్‌కు ఇరవై అంకెల అర్రే ఇస్తే కంపైలర్ ఒప్పుకోదు. 1981లో బ్రయాన్ కెర్నిగాన్ ఎత్తిచూపిన లోపాల్లో ఇదే ముఖ్యం. అడాకైతే, దాన్నే వాడాలన్న అమెరికా రక్షణ శాఖ ఆదేశమే అండ. 1997లో అది తొలగాక, ప్రధానంగా విమాన, రక్షణ రంగాల్లో మిగిలింది.

తెలంగాణలో సికి అండ సిలబస్. నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లోని హైదరాబాద్ జేఎన్‌టీయూ అనుబంధ కాలేజీల్లో మొదటి ఏడాది ప్రోగ్రామింగ్ అంటే సి. చేతిలో బాలగురుస్వామి పుస్తకమో, యశవంత్ కానెట్కర్‌దో. ల్యాబులో చాలాకాలం టర్బో సి నీలం తెరే. కంట్రోల్ ఎఫ్9తో నడిపి, ఆల్ట్ ఎఫ్5తో ఫలితం చూసేవారు. చివర 'గెట్‌చ్' రాయకపోతే ఫలితం తెరమీద ఆగదు కనుక, అదీ భాషలో భాగమే అనుకున్నవారు తక్కువేమీ కాదు. నిజానికి అది ఆ కంపైలర్‌తో వచ్చిన 'కోనియో' సదుపాయం. 64 బిట్ విండోస్ మీద ఆ 16 బిట్ కంపైలర్ మొరాయిస్తే, డాస్‌బాక్స్‌లో పెట్టి మరీ నడిపారు.

సి స్థానాన్ని ఆశించిన కొత్త భాషలూ ఉన్నాయి. వాల్టర్ బ్రైట్ రూపొందించిన డి (2001), వాడని మెమరీని తానే ఖాళీ చేసే గార్బేజ్ కలెక్టర్ మీద ఆధారపడడం వల్ల, రెండు ప్రామాణిక లైబ్రరీల పోటీ వల్ల వెనకబడిందంటారు. గ్రేడన్ హోర్ 2006లో మొదలుపెట్టిన రస్ట్, 2015 నాటి 1.0కు ముందే ఆ కలెక్టర్‌ను వదిలించుకుంది. తమ భద్రతా లోపాల్లో దాదాపు 70 శాతం మెమరీ పొరపాట్లేనని 2019లో మైక్రోసాఫ్ట్ వెల్లడించడమూ దానికి కలిసొచ్చింది. 2022 డిసెంబరులో వెలువడిన లినక్స్ 6.1 కెర్నల్‌లో రస్ట్‌కు చోటు దొరికింది. అదే ఏడాది అమల్లోకి వచ్చిన జేఎన్‌టీయూ ఆర్22 సిలబస్‌లో మాత్రం మొదటి ఏడాది భాష సియే.