ఎన్‌క్రిప్టెడ్ సందేశ సేవలు: ఒక ఖాతా, పలు పరికరాలు

వాట్సాప్, సిగ్నల్ వంటి సేవల్లో సందేశం పంపేవారి ఫోన్‌లోనే ఎన్‌క్రిప్ట్ అయి, అందుకునేవారి పరికరంలోనే విడుతుంది. మధ్యలోని సర్వర్ దాన్ని మోయగలదే గానీ చదవలేదు. ట్రెవర్ పెర్రిన్, మాక్సీ మార్లిన్‌స్పైక్ రూపొందించిన సిగ్నల్ ప్రోటోకాల్ ఇందుకు ఆధారం. వాట్సాప్ దీన్ని 2016 ఏప్రిల్ నాటికి వాడుకరులందరికీ అమలు చేసింది. అయితే ఇందులో సందేశాన్ని విప్పే కీ ఉండేది మనిషి పేరిట కాదు, పరికరం పేరిట. అందుకే ఈ సేవల భద్రతను తూచేటప్పుడు గణితం ఎంత గట్టిదన్నదొక్కటే చాలదు. ఒక ఖాతాకు చెందిన పరికరాలేవో ఎవరు నిర్ణయిస్తున్నారన్నది అంతకంటే ముఖ్యం.

2015లో వచ్చిన వాట్సాప్ వెబ్ ఈ చిక్కును దాటవేసింది. కంప్యూటర్ తెర ఫోన్‌కు అద్దం మాత్రమే, ఫోన్ ఆగితే అదీ ఆగేది. 2021 నాటి కొత్త ఏర్పాటులో ప్రతి పరికరానికీ సొంత కీ వచ్చింది. ఫోన్, ల్యాప్‌టాప్ రెండూ వాడే ఇద్దరిలో ఒకరు ఫోన్ నుంచి ‘సరే’ అని పంపితే అది మూడు ప్రతులవుతుంది: అవతలివారి పరికరాలకు రెండు, పంపినవారి ల్యాప్‌టాప్‌కు ఒకటి. మూడూ వేర్వేరుగా ఎన్‌క్రిప్ట్ అవుతాయి. ఇంత శ్రమ దేనికి, అన్నిటికీ ఒకే కీ ఇవ్వవచ్చు కదా అని అడగవచ్చు. అప్పుడు ఒక్క పరికరం దొంగ చేతికి చిక్కినా మిగతావన్నీ చిక్కినట్టే. పైగా ఈ ప్రోటోకాల్‌లో సందేశం సందేశానికీ కీ మారుతుంది. ఆ లెక్కను రెండు పరికరాలు కలిసి నడిపితే తప్పిపోవడం ఖాయం. టెలిగ్రామ్ సీక్రెట్ చాట్‌లను ఒక్క పరికరానికే పరిమితం చేసి ఈ బెడద లేకుండా చేసుకుంది. దాని మామూలు చాట్‌లు అన్ని పరికరాల్లో తెరుచుకుంటాయంటే, అవి సర్వర్‌కు అందని రహస్యాలు కావు గనుకనే.

సర్వరే చాటుగా ఒక పరికరాన్ని జాబితాలో చేరిస్తే? ఈ అభ్యంతరం బలమైనదే. వాట్సాప్‌లో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసినప్పుడు ఫోన్ కొత్త పరికరపు కీపై డిజిటల్ సంతకం చేస్తుంది. ఆ సంతకం లేని పరికరాన్ని అవతలివారి యాప్ ఒప్పుకోదు. ఫోన్ కీనే మార్చేస్తే పట్టుకోవడానికి 60 అంకెల సెక్యూరిటీ కోడ్ ఉంది, కానీ దాన్ని ఎదురెదురుగా సరిచూసుకునే ఓపిక అందరికీ ఉండదు. కీల చిట్టాను బయటివారు కూడా తనిఖీ చేయగలిగే పద్ధతిని 2023లో వాట్సాప్ తెచ్చింది ఆ లోటు పూడ్చడానికే. వాడుకరి తానే మోసపోయి సంతకం పెడితే మాత్రం ఇవేవీ అడ్డుకోలేవు. రష్యా అనుకూల ముఠాలు సిగ్నల్ వాడుకరులకు గ్రూప్ ఆహ్వానాల వేషంలో క్యూఆర్ కోడ్‌లు పంపి, తమ పరికరాలను వారి ఖాతాలకు జత చేసుకుంటున్నాయని 2025 ఫిబ్రవరిలో గూగుల్ వెల్లడించింది. ఎన్‌క్రిప్షన్ ఎక్కడా విరగలేదు. కొత్త సందేశాల ప్రతులు ఆ పరికరాలకు కూడా సక్రమంగానే చేరాయి.